నేల దాచుకోని సంచి

1. మిగిలిందే చరిత్ర అనుకోవద్దు.

సాంఘికశాస్త్రం చెప్పిన ఏళ్లన్నీ సంగారెడ్డి పక్కనున్న కొండాపూర్ మ్యూజియానికి పిల్లల్ని తీసుకుపోయాను. 1941-42లో నిజాం పురావస్తు శాఖ తవ్వినప్పుడు అక్కడ దాదాపు 2,000 నాణేలు బయటపడ్డాయి. శాతవాహనుల సీసం, రాగి నాణేలు, పూసలు, మట్టిబొమ్మలు, రోమ్ వాళ్ల బంగారు నాణెం. అద్దాల వెనక ఏముందో అదే చెప్పాను, అదే పరీక్షలో రాయించాను. ఏటా 5 కోట్ల సెస్టెర్సులు ఇండియా ఊడ్చుకుపోతోందని రోమ్ రచయిత ప్లినీ వాపోయాడని కూడా చెప్పేవాణ్ని. ఆ సొమ్ము ఏ సంచిలో ఊరూరా తిరిగిందో నేను అడగలేదు. కనబడని వస్తువు మీద కూడా ప్రశ్న వేయవచ్చని, బిడ్డా, నాకు రిటైరయ్యాక గానీ తోచలేదు.

2. నేలకూ పక్షపాతం ఉంటుంది.

ఇంగ్లండు ఉత్తరాన విండొలాండా అని ఒక రోమన్ కోట ఉంది. అక్కడి తడినేలలో, గాలాడని పొరల్లో వేలకొద్దీ తోలు చెప్పులు, మేకతోలు గుడారాల ముక్కలు దొరికాయి. గాలి లేనిచోట తోలును తినే సూక్ష్మజీవులు బతకవు. అయితే చెట్టు చెక్కల రసంలో ఊనిన తోలే అలా నిలిచింది. పటికతో, కొవ్వుతో పదును చేసిన మెత్తటి తోళ్లు ఆ తడిలోనే కరిగిపోయాయి. అందుకే కాబోలు, చెప్పులు దొరికినంతగా డబ్బు సంచులు అక్కడా దొరకలేదు. ఈజిప్టు ఎడారి ఇసుక ఇంకొన్ని తోలు వస్తువులను ఎండబెట్టి కాపాడింది. మన నేల వానకు నానుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. మళ్లీ నానుతుంది. ఆ రాపిడికి తోలు ఎక్కడ ఆగుతుంది?

3. తాడు పోయినా కన్నం ఉంటుంది.

టైబీరియస్ చక్రవర్తి నాణేన్ని చూసి అచ్చుగుద్దిన మట్టి బిళ్లలు కూడా కొండాపూర్‌లో దొరికాయి. మెడలో వేసుకునేవి. దారం ఏనాడో పోయింది, అది దూరిన చోటు ఉంది. తల బొమ్మ కన్నా ముందు అది చూడు.

4. పోవడానికి రెండు వేల ఏళ్లు అక్కర్లేదు.

రోమన్ల నాడా సంచుల్లో ఒక రకానికి కుట్టే అవసరం లేదు. తోలును గుండ్రంగా కోసి, అంచు చుట్టూ చీలికలు పెట్టి, అందులోంచి తోలు నాడా దూర్చేవాళ్లు. లాగితే సంచి, వదిలితే విస్తరి. వాళ్ల మెర్క్యురీ దేవుడి చేతిలోనూ డబ్బు సంచే, మన కుబేరుడి చేతిలోనూ అదే. మా నాయనమ్మ నడుముకు దోపుకున్న బటువా గుడ్డదే గానీ దాని మూతి మూసే ఉపాయం వేరేమీ కాదు.

మా ఊళ్లో మాదిగవాడ చివర లంద ఉండేది. తంగేడు చెక్క, కరక్కాయ వేసి ఒక ముసలాయన అందులో తోళ్లు ఊనేవాడు. మోట బొక్కెనకు తోలు తొండం కుట్టేవాడు. ఎద్దులు మోట లాగినంతసేపు సన్నతాడు ఆ తొండాన్ని పైకి పట్టి ఉంచేది, బొక్కెన గట్టుకు రాగానే నీళ్లు కాలవలోకి దూకేవి. మేమేమో ముక్కు మూసుకుని ఆ దారి దాటేవాళ్లం. బావులకు కరెంటు మోటార్లు వచ్చాక మోట ఆగింది. పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలు లేచాక ఆయన కొడుకులు షిఫ్టు బస్సెక్కారు. అందులో వాళ్ల తప్పు ఏముంది? ఆ పనికి ఊరు ఇచ్చిన మర్యాద ఏపాటిదని! ఆయన మనవడు నా క్లాసులోనే కూర్చున్నాడు. వాళ్ల తాతను ఒక్కరోజు బడికి పిలిచి చెప్పించాలన్న ఆలోచన నాకు రాలేదు. మ్యూజియానికి మాత్రం బస్సు మాట్లాడాను.

తోలు లంద నీళ్లలో ఎన్నాళ్లు నానాలి, ఊనిందని వేలితో నొక్కి ఎలా తెలుసుకోవాలి, నాడాకు ఏ భాగం తోలు కోయాలి – అడిగితే చెప్పేవాడే. విండొలాండా గురించి ఇంత చెప్పగలిగినవాణ్ని, మా ఊరి లంద గురించి చెప్పగలిగింది ఇంతే.