కన్నద మారితండ్రియు నేటి బాలన్యాయమును

12వ శతాబ్దపు శరణులలో కన్నద మారితండ్రి యను వచనకారుడు కలడు. కన్నము వేయుట ఆయన పూర్వవృత్తి. ఆ మాటలనే తన వచనములలో వాడుకొనెను. శరణులు ఆయనను పంక్తినుండి లేపలేదు.

2015 నాటి బాలన్యాయ చట్టము 18 ఏండ్లు నిండని బాలుని లాకప్పునగాని జైలునగాని ఉంచరాదనుచున్నది. బెయిలు దొరకనిచో విచారణ ముగియువరకు పరిశీలక గృహమున ఉంచుదురు. నేరము స్థిరపడినచో ప్రత్యేక గృహమున గరిష్ఠముగా 3 ఏండ్లు ఉంచి చదువును, చేతిపనిని నేర్పుదురు. 16 ఏండ్లు దాటి ఘోరనేరము చేసినవారికి నియమములు వేరు. బాలుని పేరును, ఊరును పత్రికలలో వెల్లడింపరాదు. మారితండ్రి తన పూర్వవృత్తిని తానే చెప్పుకొనెను. అది ఎదిగినవాని ధైర్యము. పసివానికి దొంగయను పేరును ఇతరులు అంటగట్టుట క్రౌర్యము.

నేరమెరుగక దిక్కులేక తిరుగు బిడ్డలకు బాలల గృహములు కలవు. అట్టి బిడ్డను జాలితో మఠమునకు గొనివచ్చి ఉంచుకొనుట దాసోహమని కొందరు తలతురు. అది సరికాదు. ఆ బిడ్డకై ఎచ్చటనో తల్లి వెదకుచుండవచ్చును. అన్నము పెట్టి, 24 గంటలలోగా 1098కిగాని, పోలీసులకుగాని, బాలల సంక్షేమ సమితికిగాని తెలుపవలెను. అట్టి బిడ్డలకు వసతి నడపదలచిన మఠము ఆ చట్టము క్రింద నమోదు కావలెను. నమోదు లేనిచో నడపువారు శిక్షార్హులు.

18 ఏండ్లు నిండి గృహమును విడుచువానికి 21 ఏండ్ల వరకు చేయూతనిచ్చుటకు చట్టమున వీలు కలదు. గృహముల దినములకన్న ఈ మూడేండ్లే కష్టమైనవి. అంగడియో, మగ్గమో, సేద్యమో గల కుటుంబము వానికి కాయకము నీయగలదు, పూర్వకథ నడుగకుండిన.