కేసింగ్ దించకముందే లాగింగ్

ప్రశ్న: కృష్ణపట్నం తీరంలో బోరు వేస్తే ఉప్పునీళ్లే పడుతున్నాయి. ఇంకా లోతున మంచినీటి పొర ఉందో లేదో తెలుసుకునే వీలుందా?

జవాబు: ఉంది. తవ్విన బోరులోకి కేబుల్‌తో పరికరాన్ని దించి, ఒక్కో పొర విద్యుత్ నిరోధాన్ని కొలుస్తారు. దీన్నే లాగింగ్ అని, లోతును బట్టి వచ్చే ఆ నమోదును లాగ్ అని అంటారు. 1927లో ఫ్రాన్స్‌లోని పెషెల్‌బ్రాన్ చమురు బావిలో ష్లంబర్జర్ సోదరుల బృందం మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇవాళ చమురు బావులకు ఓఎన్‌జీసీ, నీటి బోర్లకు కేంద్ర భూగర్భజల మండలి దీన్నే వాడుతున్నాయి.

సముద్రపు నీటి నిరోధం సుమారు 0.2 ఓమ్-మీటర్లే. మంచినీరున్న ఇసుకలో అది పదుల్లో ఉంటుంది. చిక్కల్లా బంకమట్టితోనే! దాని నిరోధమూ తక్కువే కాబట్టి, లాగ్‌లో అచ్చం ఉప్పునీటి ఇసుకలాగే కనిపిస్తుంది. అందుకే పొరల నుంచి సహజంగా వెలువడే గామా కిరణాలను నమోదు చేసే గామా లాగ్ కూడా తీయించాలి. పొటాషియం, థోరియం ఎక్కువుండే బంకమట్టి దగ్గర సాధారణంగా గామా రీడింగు పెరుగుతుంది, శుభ్రమైన ఇసుక దగ్గర తగ్గుతుంది.

బోరు గోడల్ని చిత్రంగా చూపే టెలివ్యూయర్ గూడూరు వైపు గట్టిరాళ్లలో పగుళ్లను కనిపెట్టడానికి బాగా పనికొస్తుంది. తీరంలోని వదులు ఇసుకకు దాని మీద ఖర్చు దండగే.

ఇనుప కేసింగ్ దించాక మామూలు పరికరంతో నిరోధం కొలవడం కుదరదు. కాబట్టి రిగ్గు వాళ్లతో ముందే మాట్లాడుకోండి. లాగ్ చూశాకే స్లాట్ పైపు ఎక్కడ పెట్టాలో తేల్చండి, పైనున్న ఉప్పునీటి పొరను సిమెంటుతో మూయించండి.