మంద చెప్పు సాక్ష్యము

కేతేపల్లి పరిసరములందలి బీళ్లలో మేకలును గొఱ్ఱెలును కలిసి మేయుట మీరు చూచియే యుందురు. మేక ముంగాళ్లెత్తి రేగుకంపకు మోర సాచును. గొఱ్ఱె తల వంచి నేలపచ్చికను కొఱుకును. ఇది కాపరులెల్లరు నెఱిగినదే. అయినను, "మొక్కలు నాటిన బీటిలోనికి గొఱ్ఱెలను విడువవచ్చును, మేకలను విడువరాదు" అని ఊరివారు కట్టడి చేయదలచిరనుకొనుడు. అప్పుడు మేకల కాపరి బ్రతుకుతెరువు ఆ మాటపై నాధారపడును. కావున ఆ రెండు జంతువుల నడవడిలో భేదమెంతయో కొలిచి చెప్పవలెను. ఆ విధమును సాంఖ్యకశాస్త్రము నేర్పును. తెలుగు కుటుంబమున జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితమభ్యసించిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు (1920–2023) ఈ శాస్త్రమున జగద్విఖ్యాతులైరి.

మొదట "రెంటికిని భేదము లేదు" అని యనుకొనవలెను. దీనిని శూన్య పరికల్పన యందురు. నేరము ఋజువగువఱకు నిందితుని నిర్దోషిగా నెంచుట వంటిదే యిది.

బీటిలో విడువగనే 10 మేకలలో 6, 10 గొఱ్ఱెలలో 4 పొదలవైపు పోయినవనుకొందము. భేదము నూటికి 20. కాని యింత చిన్న లెక్కలో నిట్టి భేదము కాకతాళీయముగా తరచు కలుగును. 100 మేకలలో 60, 100 గొఱ్ఱెలలో 40 పోయినచో భేదము మరల నూటికి 20 మాత్రమే. అయినను, నిజముగా భేదమే లేనిచో నింతటి తేడా నూటికొక్క మారైనను కానరాదు. అప్పుడు శూన్య పరికల్పనను విడువవచ్చును.

భేదమెంతయో తెలుపు హద్దులను విశ్వాసాంతరమందురు. పెద్ద లెక్కలో నది దాదాపు 6 మొదలు 34 వఱకు నుండును. చిన్న లెక్కలో నది సున్నకు ఇరువైపుల వ్యాపించును. అనగా భేదము లేదని కాదు, కలదో లేదో తేలలేదని యర్థము. ఈ పద్ధతిని మరల మరల అనుసరించినచో, నూటికి సుమారు 95 మారులు నిజమైన భేదము అట్టి హద్దులలో చిక్కును.

ఇందొక మెలకువ కలదు. గొఱ్ఱెదాటు మీరెఱుగుదురు. ముందుది పోయిన దారినే తక్కినవి పోయినచో, నూఱు గొఱ్ఱెలును ఒక్క సాక్షియే యగును. కావున ఒక్కొక్క జీవమును వేఱువేఱుగా విడిచి పరీక్షింపవలెను.

తుదకు తీర్పరి యడుగవలసిన ప్రశ్న మఱియొకటి కలదు. గొఱ్ఱెలలోను 40 పొదలవైపే పోయినవి గదా! మేకలను మాత్రమే వారించినచో మొక్కలు దక్కునా?