విమాన చోదకుల పరీక్షా ఫలితములు: ఎవరికి తెలియవలెను?

ఒకడు పరీక్షలో తప్పినయెడల అది అతని సొంత సంగతియా, లేక అతని పనిపై ప్రాణములు నిలుపుకొను పదిమంది సంగతియా? ఈ ప్రశ్న పంచాయతీ సభ్యులకు కొత్తది కాదు. మంచినీటి పంపు నడుపుటకో, లెక్కలు వ్రాయుటకో ఒకరిని నియమించునపుడు వారి పూర్వపు పనితీరును గూర్చి ఎంతవరకు అడుగవచ్చునని మీరును ఆలోచించియుందురు. అమెరికా దేశమున విమాన చోదకుల విషయమై ఈ ప్రశ్న చాల ప్రాణములను బలిగొన్న పిదపనే ఒక దారికి వచ్చినది. ఆ వృత్తాంతమును ఈ పాఠమున వివరింపదలచితిమి.

2009 ఫిబ్రవరి 12వ తేదీ రాత్రి న్యూయార్క్ రాష్ట్రమున బఫెలో నగర సమీపమున ఒక ప్రయాణికుల విమానము ఒక ఇంటిపై కూలినది. విమానమందలి 49 మందియు, ఆ ఇంటిలోని ఒకరును, వెరసి 50 మంది మరణించిరి. విమానము వేగము తగ్గి పడిపోవు స్థితికి వచ్చినపుడు చోదకుని చేతిలోని దండము కంపించి హెచ్చరించును. అప్పుడు విమానపు ముక్కును దించి వేగమును పెంచుకొనవలెను. ఇది చోదకులు తొలినాళ్లలోనే నేర్చుకొను పాఠము. ఆ రాత్రి ప్రధాన చోదకుడు దండమును తనవైపునకు లాగెను. ముక్కు పైకి లేచినది. రెక్కలను మోయు గాలి పట్టు తప్పినది.

విచారణ జరిపిన జాతీయ రవాణా భద్రతా మండలి ఆయన పూర్వచరిత్రను కూడ పరిశీలించినది. ఆ సంస్థలో చేరుటకు ముందే ఆయన లైసెన్సు పరీక్షలలో మూడు పర్యాయములు తప్పియుండెను. 2005లో ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టునపుడు అందులో ఒక్కదానినే తెలిపెను. తక్కిన రెండును సంస్థకు తెలియవు. ప్రభుత్వ విమానయాన శాఖ కాగితములలో మాత్రము అవి భద్రముగా నుండెను.

ఇట్లేల జరిగినది? విమాన పరీక్ష కాగితముపై వ్రాయుటతో ముగియదు. పరీక్షాధికారి చోదకునితో కలిసి విమానమెక్కి, అతడు నడుపు తీరును కన్నులార చూచి నిర్ణయించును. తప్పినవారికి అనుమతి నిరాకరణ పత్రము నిచ్చును. మరికొంత శిక్షణ పొంది తిరిగి పరీక్షకు రావచ్చును. కావున ఒకసారి తప్పుట నేరము కాదు, సిగ్గుపడవలసినదియు కాదు. బండి లైసెన్సునకు మొదటిసారియే ఉత్తీర్ణులైనవారు మన గ్రామములలో ఎందరున్నారో సభ్యులే ఎరుగుదురు. అయితే ఒకే విధమైన తప్పు మరల మరల కనబడినచో అది వేరు సంగతి. ఆ వరుసను కనిపెట్టుటకు కాగితములన్నియు ఒకచోట చూడగలుగవలెను.

ఇక్కడనే గోప్యత అడ్డువచ్చినది. 1974 నాటి గోప్యతా చట్టము ననుసరించి, కొన్ని మినహాయింపులు తప్ప, ఒక వ్యక్తిని గూర్చిన కాగితములను ప్రభుత్వ కార్యాలయము అతని వ్రాతపూర్వకమైన సమ్మతి లేనిదే ఇతరుల కీయరాదు. ఈ చట్టము మంచిదే. ప్రభుత్వము పౌరుని రహస్యములను ఇష్టము వచ్చినట్లు పంచిపెట్టుటకు వీలులేదనుట అందరు కోరదగినదే. 1994 డిసెంబరులో ఉత్తర కారొలైనా రాష్ట్రమున ఒక విమానము కూలి అందలి 20 మందిలో 15 మంది మరణించిరి. దాని ప్రధాన చోదకుని పనితీరుపై పూర్వపు సంస్థలోనే సందేహములు కలిగినవనియు, కొత్త సంస్థకు ఆ మాట చేరలేదనియు తేలినది. ఇట్టి ప్రమాదముల ఫలితముగా 1996లో ఒక చట్టము వచ్చినది. కొత్తగా చోదకుని నియమించుకొను సంస్థ, గడచిన అయిదేండ్లలో అతడు పనిచేసిన సంస్థల నుండి కాగితములు తెప్పించుకొనవలెను. అడిగిన 30 దినములలో వారు పంపవలెను. చోదకుడు ముందుగా సమ్మతి వ్రాసి యీయవలెను. కాగితముల ప్రతిని పొందుటకును, అందలి తప్పులను దిద్దుచు తన మాట వ్రాసి యిచ్చుటకును అతనికి హక్కు కలదు.

చక్కని ఏర్పాటే. కాని సంస్థలు తప్పక తెప్పించుకొనవలసిన కాగితములలో లైసెన్సు పరీక్షల నిరాకరణ పత్రములు చేరలేదు. చోదకుని సమ్మతితో వాటిని కూడ అడుగవచ్చునని విమానయాన శాఖ 2007లో సంస్థలకు సూచించినది. సూచన వేరు, నిబంధన వేరు. బఫెలో చోదకుడు అప్పటికే రెండేండ్లుగా కొలువులో నుండెను.

మృతుల కుటుంబములవారు ఊరకుండలేదు. వారు పట్టుబట్టి చట్టసభ చుట్టు తిరిగిరి. 2010 ఆగస్టులో వచ్చిన చట్టము చోదకుల కాగితములన్నిటికిని ఒకే ఎలక్ట్రానిక్ భాండాగారమును ఏర్పరుపుమని విమానయాన శాఖను ఆదేశించినది. నిబంధనలు పూర్తిగా సిద్ధమగుటకు 2021 వచ్చినది! ఈ నడుమ, 2019 ఫిబ్రవరి 23న టెక్సాస్ రాష్ట్రమున ఒక సరకుల విమానము కూలి ముగ్గురు మరణించిరి. దాని సహ చోదకుడు అంతకుముందు పలు సంస్థల శిక్షణలో తప్పి, అందు కొన్నిటిని దాచియుండెను. భాండాగారమును సకాలమున నెలకొల్పకపోవుట కూడ ఈ ప్రమాదమునకు తోడ్పడినదని భద్రతా మండలి నిర్ణయించినది. పదునొకండేండ్ల ఆలస్యమును సమర్థించుట మాకు సాధ్యము కాదు.

ఒక సందేహమును మాత్రము తీసివేయరాదు. ఇరువదియేండ్ల ప్రాయమున తప్పిన పరీక్ష ఏబదియేండ్ల వయస్సులోను వెంటాడునేమోయని చోదకుడు భయపడుట సహజమే. అట్టి భయము శిక్షణలో తన లోపమును దాచుకొనుటకు దారితీయవచ్చును. అందువలననే కొత్త ఏర్పాటులో కూడ కాగితములు బజారున పడవు. నియామకము చేయు సంస్థయే, చోదకుని సమ్మతితోనే, వాటిని చూడవచ్చును. చోదకుడు తన కాగితములను తానే చూచుకొని, తప్పున్నచో దిద్దుమని కోరవచ్చును. పరీక్ష తప్పినవానిని తీసుకొనరాదని చట్టము చెప్పలేదు. తెలిసికొని తూచి చూడుమని మాత్రమే చెప్పినది. అట్లని కాలము గడచినంత మాత్రమున కాగితము చెరిగిపోదు. చోదకుడు మరణించినట్లు తెలియువరకు, లేదా అతనికి 99 ఏండ్లు నిండువరకు అది అందే యుండును.