రాగికి ఇల్లు దొరికింది - మనకు పాఠం దొరికింది



మన వంటశాల వెనుక, కంచె అవతల రోజూ సాయంత్రం గెంతుతున్న ఎర్ర కుక్కను మీరందరూ చూసే ఉంటారు. రాగిచెంబు రంగులో ఉంటుంది కాబట్టి దాని పేరు రాగి. "అది ఎవరిది? మన హాస్టల్లోనే ఎందుకు ఉంచుకోలేదు?" అని చాలామంది మమ్మల్ని అడుగుతున్నారు. "నోటితో ఎంతమందికి చెబుతారు? రాసి గోడమీద పెట్టండి" అన్నారు వార్డెన్ సారు. అందుకే ఈ పాఠం.

1. రాగి ఎక్కడి నుంచి వచ్చింది?

మొన్న వానాకాలంలో సంత రోడ్డు పక్కన వెనక కాలికి దెబ్బ తగిలి పడి ఉంటే, నర్సమ్మ చూసి ఇంటికి ఎత్తుకుపోయింది. కట్టు కట్టించి, అన్నం పెట్టి రెండు నెలలు సాకింది. పశువుల డాక్టరు గారు పళ్ళు చూసి "ఇంకా ఏడాది నిండి ఉండదు" అన్నారు. కుక్కపిచ్చి రాకుండా టీకా కూడా వేశారు. కాలు నయమైంది. కానీ నర్సమ్మ పొద్దున్నే ఊళ్ళ మీదికి పోతే చీకటి పడ్డాకే వస్తుంది. రోజంతా కట్టేసి ఉంచడం ఇష్టం లేక "ఎవరైనా మంచిగా చూసుకునేవాళ్ళుంటే ఇస్తాను" అంది.

పట్నాల్లో కూడా ఇలాంటి పద్ధతి ఉంది. జంతు సంక్షేమ సంఘాలవాళ్ళు కాపాడిన కుక్కను కొన్నాళ్ళు ఒక కుటుంబం దగ్గర ఉంచుతారు. దానిని ఫాస్టర్ హోమ్ అంటారు, అనగా తాత్కాలికంగా సాకే ఇల్లు. ఆ తర్వాత శాశ్వతంగా పెంచుకునేవాళ్ళు వచ్చి దత్తత తీసుకుంటారు. ఇందులో ఒక మేలుంది. సాకినవాళ్ళకు ఆ కుక్క గుణం తెలుసు. కావున ముందు వాళ్ళను అడిగి తెలుసుకోవాలి.

2. మేము అడిగిన ప్రశ్నలు

తొమ్మిదో తరగతివాళ్ళం ముగ్గురం కాగితం మీద రాసుకుని వెళ్ళి అడిగాం. ఏం తింటుంది? దేనికి భయపడుతుంది? పిల్లల్ని చూస్తే ఏం చేస్తుంది? ఒంటరిగా ఉండగలదా? కోళ్ళ వెంట, మేకల వెంట పడుతుందా? టీకాల కార్డు ఉందా?

నర్సమ్మ ఏదీ దాచలేదు. "ప్రేమ ఎక్కువ, ఓపిక తక్కువ. మనిషి కనబడితే మీదికి ఎగురుతుంది. రెండు జతల చెప్పులు కొరికింది. కోడిని చూస్తే ఆగదు. లారీ చప్పుడుకు మంచం కిందికి దూరుతుంది" అని చెప్పింది. మేము నవ్వాం. అప్పుడు నవ్వకుండా ఆలోచించి ఉంటే బాగుండేది.

3. ఆ గెంతులు ఎందుకు?

కుక్కకు ఆరు నెలల నుంచి సుమారు ఏడాదిన్నర, రెండేళ్ళ వరకు పడుచు వయసు. ఒళ్ళు పెరుగుతుంది, బుద్ధి ఇంకా కుదురుకోదు. మన ఊళ్ళలో కుక్కలు ఇంతగా ఎగరవు కదా అని మాకు అనుమానం వచ్చింది. ఆలోచిస్తే అర్థమైంది. ఊళ్ళో కుక్కకు పని ఉంది. పొద్దున మేకల వెంట కొండకు పోతుంది, పోడు చేను దగ్గర కాపలా ఉంటుంది, రాత్రి ఇంటికొచ్చి పడుకుంటుంది. గది దగ్గర కట్టేసిన కుక్కకు ఏ పనీ లేదు. పని లేకపోతే చెప్పులే దాని పని. అది చెడ్డ కుక్క కాదు, పని దొరకని కుక్క.

4. మేము చేసిన తప్పు

ఒక ఆదివారం నర్సమ్మతో కలిసి రాగిని మన గ్రౌండుకు తీసుకొచ్చాం. అందరూ ఒక్కసారి చుట్టూ మూగారు. కేకలు, చప్పట్లు. ఆరో తరగతి తమ్ముడు ఒకడు భయపడి పరుగెత్తాడు. అది ఆట అనుకుని వెంటపడి మీదికి ఎగిరింది. గోరు గీసుకుని చేతిమీద రక్తం వచ్చింది.

తప్పు తమ్ముడిది కాదు, కుక్కదీ కాదు. కొత్త కుక్కను గుంపు మధ్యకు తెచ్చిన మాదే. కొత్త చోటికి వచ్చిన కుక్కకు మొదటి రోజుల్లో ఒకరిద్దరు మనుషులు, ఒక మూల, కాస్త నిశ్శబ్దం కావాలి.

తర్వాత ఏం చేశామో అందరూ గుర్తుపెట్టుకోవాలి. కుక్క కరిచినా, రక్తం వచ్చేలా గీరినా పనికొస్తుంది.

(అ) వెంటనే కుళాయి కింద పెట్టి, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. సారు గడియారం చూస్తూ కడిగించారు.
(ఆ) పసుపు, కారం, సున్నం, పసరు ఏదీ రాయకూడదు.
(ఇ) అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. కుక్కకు టీకా వేశాం కదా అని మనంతట మనమే ఊరుకోకూడదు. ఆ సంగతి డాక్టరు తేల్చాలి.

తమ్ముడికి మొదటి రోజు సూది వేసి, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు మళ్ళీ రమ్మన్నారు. నాలుగుసార్లూ వెళ్ళాడు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తారని మనవాళ్ళు భయపెడతారు. ఆ పాత మందు ఇప్పుడు లేదు. ఇప్పుడు చేతికే వేస్తారు.

ఈ జబ్బు పేరు రేబిస్. లక్షణాలు కనబడ్డాక దాదాపు ఎవరూ బతకరు. ముందే టీకా వేయించుకుంటే ఆపవచ్చు. 1885 జూలై 6న ఫ్రాన్సులో లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ బాలుడికి మొదటగా ఈ టీకా వేయించాడు. బాలుడు బతికాడు. పాశ్చర్ చనిపోయిన సెప్టెంబరు 28నే ఇప్పుడు ప్రపంచ రేబిస్ దినంగా జరుపుతున్నారు.

5. అందరిదీ అంటే ఎవరిదీ కాదు

అయినా మేము పట్టు విడవలేదు. "హాస్టల్లోనే ఉంచుకుందాం సార్, అందరం చూసుకుంటాం" అన్నాం. సారు కోప్పడలేదు. మూడు మాటలు అడిగారు.

"వేసవి సెలవులకు మీరంతా ఊళ్ళకు పోతే దానికి అన్నం ఎవరు పెడతారు? మీరు పదో తరగతి అయిపోయి వెళ్ళిపోతారు. కుక్క పది పన్నెండేళ్ళు బతుకుతుంది, అప్పుడెవరు? ఏటా టీకా ఎవరు వేయిస్తారు?"

మా దగ్గర జవాబు లేదు. పదిమందిలో పాము చావదన్నట్టు, అందరం చూసుకుంటాం అంటే ఎవరూ చూడరు. ఇంకో సంగతి కూడా సారు చెప్పారు. పాఠశాలలు, ఆసుపత్రులు, బస్టాండ్ల ఆవరణల్లో వీధికుక్కలను ఉండనివ్వకుండా షెల్టర్లకు తరలించాలని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. కాబట్టి రాగికి ఒక ఇల్లు, ఒక యజమాని ఉండి తీరాలి. లేకపోతే ఎవరో వచ్చి తీసుకుపోతారు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. తెల్లారి వాచ్‌మన్ తాతను అడిగాం. తాత ఇల్లు కంచె అవతలే. సెలవుల్లో కూడా ఆయన ఇక్కడే ఉంటాడు. వెంటనే సరే అనలేదు. "నా కోళ్ళ మీద పడితే?" అన్నాడు. రోజూ నర్సమ్మ ఇంటికి పోయి, రాగిని తాడు పట్టుకుని తిప్పి, వారం తర్వాత "ఇది నా వెంట రాత్రి తిరుగుడుకు పనికొస్తుంది" అన్నాడు. టీకాల కార్డు మీద ఇప్పుడు తాత పేరు ఉంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించారు.

6. రాగి దగ్గర మనం పాటించాల్సినవి

(అ) తాత ఉన్నప్పుడే, ముగ్గురికి మించకుండా వెళ్ళాలి.
(ఆ) మీదికి ఎగిరితే అరవకుండా, పరుగెత్తకుండా వెనక్కి తిరిగి చేతులు కట్టుకుని నిలబడాలి. నాలుగు కాళ్ళూ నేలమీద పెట్టాకే పలకరించాలి. ఎగిరితే ఎవరూ పలకరు, కూర్చుంటే ప్రేమగా పలుకుతారు అని అదే నేర్చుకుంటుంది. రాగికి ఇరవై రోజులు పట్టింది.
(ఇ) కొట్టకూడదు. కుక్క కాటుకు చెప్పు దెబ్బ అనేది సామెత వరకే. దెబ్బ తిన్న కుక్క భయపడుతుంది, భయపడ్డ కుక్కే కరుస్తుంది.
(ఈ) తినేటప్పుడు, పడుకున్నప్పుడు ముట్టుకోకూడదు.
(ఉ) పొద్దున, సాయంత్రం తిప్పాలి. మధ్యాహ్నం ఎండలో పరుగెత్తించకూడదు. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పుతూనే చల్లబడుతుంది.
(ఊ) ఉల్లిపాయ, చాక్లెట్, ఎండుద్రాక్ష దానికి విషం. ఉడికిన కోడి ఎముకలు చీలి గొంతులో గుచ్చుకుంటాయి. కావున మన కంచంలో మిగిలింది వెయ్యకుండా తాతకు ఇవ్వండి.

ఇప్పుడు రాగి రాత్రిపూట తాతతో మన కంచె చుట్టూ తిరుగుతోంది. దానికి పని దొరికింది. చెప్పులు కొరకడం తగ్గింది, పూర్తిగా మానలేదు. కాబట్టి మీ చెప్పులు లోపల పెట్టుకోండి!

గీసుకున్న తమ్ముడు నెల రోజులు అటువైపు పోలేదు. మొన్న శనివారం తాత పక్కన నిలబడి వెనక్కి తిరిగి చేతులు కట్టుకున్నాడు. రాగి కూర్చుంది.

ప్రశ్నలు (జవాబులు నోటుబుక్కులో రాసుకోండి)
1. కుక్కను తెచ్చుకునే ముందు సాకినవాళ్ళను ఏమేమి అడగాలి?
2. కుక్క గోరు గీసుకుని రక్తం వస్తే మొదట చేయవలసిన పని ఏది? ఎంతసేపు?
3. "అందరం చూసుకుంటాం" అనే మాటలో లోపం ఏమిటి?
4. మీ ఊళ్ళో మీ ఇంటి కుక్కకు టీకా వేయించారా? సెలవులకు వెళ్ళినప్పుడు అడిగి రండి.