మెయిన్ బోర్డు మార్చాలా, వద్దా?

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఇళ్ల వైరింగుకు ఏడాదిలో రెండుసార్లు పరీక్ష తప్పదు. మే నెలలో రామగుండం చుట్టుపక్కల ఎండ 45 డిగ్రీలు దాటితే ఏసీ, కూలరు, ఫ్రిజ్, బోరు మోటరు అన్నీ ఒకేసారి నడుస్తాయి. డిసెంబరు వచ్చేసరికి ఆదిలాబాద్, ఆసిఫాబాద్‌లలో చలికి గీజరో, బకెట్లో హీటరు రాడ్డో లేనిదే స్నానం కాదు. 1980, 90లలో కట్టిన ఇంట్లో ఈ భారమంతా నాలుగు బుగ్గలు, మూడు ఫ్యాన్లు, ఒక టీవీ లెక్కన వేసిన బోర్డు మీదే పడుతుంది. గూనపెంకుటింటి ముందు స్లాబు పోసి, పైన ఇంకో అంతస్తు లేపిన చోట కూడా దర్వాజ పక్కన చెక్క బోర్డు, ఇనుప మెయిన్ స్విచ్, రెండు పింగాణీ ఫ్యూజులు పాతవే ఉండిపోతాయి.

బోర్డు మార్చాలా వద్దా అన్నది ఎలక్ట్రీషియన్‌ను పిలిచే ముందే చాలావరకు మనకు మనమే తేల్చుకోవచ్చు. దానికి మొదటి పని, నాలుగు రోజులు ఇంటిని గమనించడం. మోటరు వేయగానే లైట్లు ఒక్కసారి మినుక్కుమంటే భయపడనక్కర్లేదు. మోటరు లేచే క్షణంలో మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. మోటరు నడిచినంతసేపూ లైట్లు మసకగానే ఉంటే మాత్రం ఆలోచించాలి. అప్పుడు బయటికి వచ్చి పక్కింటి లైట్లు చూడండి. వాళ్లవీ మసకబారితే లోపం లైన్‌లోనో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో ఉంది. మీ ఇంట్లోనే మసకబారితే లోపం మీ సర్వీసు వైరులోనో, బోర్డులోనో, ఏదో ఒక లూజు జాయింటులోనో ఉంది. స్విచ్ మీద చేయి పెడితే వెచ్చగా తగలడం, ప్లాస్టిక్ కాలిన వాసన, బోర్డులోంచి సన్నగా చిటచిట శబ్దం, ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే జివ్వుమనడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రేపు చూద్దాం అనుకోవద్దు. ఆ లైను ఆపేసి అదే రోజు మనిషిని పిలిపించండి.

తర్వాత లెక్క. కాగితం తీసుకుని, ఒకే సమయంలో నడిచే సామాన్లు మాత్రమే రాయండి. ఆదిలాబాద్‌లో చలికాలం పొద్దున ఏడు గంటల ఇల్లు తీసుకుందాం. గీజరు 2,000 వాట్లు, ఒక హార్స్‌పవర్ మోటరు సుమారు 1,000, ఇస్త్రీ పెట్టె 1,000, చట్నీకి మిక్సీ 750, ఫ్రిజ్ 200. మొత్తం 4,950 వాట్లు. 230 వోల్టులతో భాగిస్తే 21 ఆంపియర్లు దాటుతుంది. కరీంనగర్‌లో వేసవి రాత్రి ఒకటిన్నర టన్నుల ఏసీ 1,600, మోటరు 1,000, కూలరు, ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు కలిపి 900 అనుకుంటే 3,500 వాట్లు, అంటే 15 ఆంపియర్లు. అప్పుడే ఎవరైనా ఇండక్షన్ పొయ్యి వెలిగిస్తే 23కు చేరుతుంది. పాత మెయిన్‌లో ఉన్నది 16 ఆంపియర్ల ఫ్యూజు అయితే, అది మోయగలిగేది 3,680 వాట్లే.

ఇప్పుడు కరెంటు బిల్లు చూడండి. అందులో కాంట్రాక్టెడ్ లోడు అని ఒక అంకె ఉంటుంది. ఒకటో రెండో కిలోవాట్లు అని ఉండి, మీ లెక్క ఐదుకు చేరితే, బోర్డు కంటే ముందు లోడు పెంచమని దరఖాస్తు పెట్టాలి. డిజిటల్ మీటరు తెరను కాసేపు చూస్తే ఎండీ అని ఇంకో అంకె వస్తుంది, మీ ఇల్లు లాగిన గరిష్ఠ లోడు అదే. లోడు పెంచితే బిల్లు ఎక్కడ పెరుగుతుందోనని చాలామంది వెనకాడతారు. తెలంగాణలో ఇళ్లకు కిలోవాట్‌కు నెలకు 10 రూపాయల స్థిర చార్జీ 2022-23 టారిఫ్‌తో మొదలైంది. సామాన్య కుటుంబానికి రెండు కిలోవాట్లు అదనమంటే నెలకు ఇరవై రూపాయల తేడా. దాంతోపాటు ఒకసారి కట్టే అభివృద్ధి చార్జీ, డిపాజిట్ ఉంటాయి. ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌ను కాగితం మీది లోడును బట్టే వేస్తారు. వాడకం దాచిపెడితే వీధంతా లో వోల్టేజీతో బాధపడుతుంది. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఈ దరఖాస్తు ఉత్తర డిస్కమ్‌కు పెట్టుకోవాలి. సిరిసిల్ల వైపు వాళ్లయితే 1970లో పెట్టిన సహకార విద్యుత్ సంఘం సెస్‌కు వెళ్లాలి. త్రీఫేజు అవసరమా అన్నదీ అక్కడే తేలుతుంది.

బోర్డు విప్పే పని మాత్రం మీది కాదు. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ విప్పుతుంటే పక్కన నిలబడి చూడండి. పింగాణీ ఫ్యూజు పీకినప్పుడు లోపల సన్నని ఫ్యూజు తీగ ఒకటే ఉండాలి. నాలుగైదు రాగి పోగులు మెలిపెట్టి కట్టి ఉంటే, ఆ ఇంటికి ఇన్నాళ్లూ రక్షణ లేనట్టే. న్యూట్రల్ వైర్లన్నీ కలిసే పట్టీ దగ్గర నల్లగా మాడిన మచ్చ, కరిగి అతుక్కుపోయిన తొడుగు, పచ్చబారిన స్క్రూ కనిపిస్తాయా చూడండి. ఎక్కువ బోర్డులు కాలేది ఇక్కడే. లోడు ఎక్కువైనందుకు కాకుండా స్క్రూ వదులై వేడెక్కినందుకే కాలినవి వాటిలో చాలా ఉంటాయి. పాత ఇళ్లలో అల్యూమినియం వైరు ఉండి, దానికి తర్వాత రాగి వైరు మెలిపెట్టి కలిపి ఉంటే ఆ జాయింటు ఏటేటా పాడవుతూనే ఉంటుంది.

ఇక్కడే చాలా ఇళ్లలో ఒక మాట వినిపిస్తుంది. "తమ్మీ, ఎంసీబీ ఊకే పడిపోతున్నది, జర పెద్దది వెయ్యరాదు" అని ఇంటావిడ అడుగుతుంది. మంచి పనిమంతుడైతే "వద్దక్కా, ముందు వైరు చూద్దాం" అంటాడు. ఆ మాట అన్నవాడికే పని ఇవ్వండి. లోడు మించితే దానంతటదే పడిపోయే ఈ ఎంసీబీ స్విచ్ ఉన్నది గోడలోని వైరును కాపాడడానికి. ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం వైరు లైట్లు, ఫ్యాన్లకు, దానికి 6 లేదా 10 ఆంపియర్ల ఎంసీబీ చాలు. పవర్ ప్లగ్గుకు రెండున్నర వైరు, 16 ఎంసీబీ. ఏసీకి, గీజరుకు నాలుగు స్క్వేర్ ఎంఎం వైరు విడివిడిగా బోర్డు దాకా లాగి 20 ఎంసీబీ పెడతారు. ఒకటిన్నర వైరు మీద 32 ఎంసీబీ బిగిస్తే అది ఇక పడదు, గోడలో వైరు కాలుతుంది. పడమటి గోడకు ఎండ తగిలే చోట బోర్డు ఉంటే మే నెలలో ఎంసీబీ ఇంకా తొందరగా పడుతుంది. ఎంసీబీ రేటింగును 30 డిగ్రీల లెక్కన నిర్ణయిస్తారు. ఆ వేడికి వైరు మోసే శక్తి కూడా తగ్గుతుంది కాబట్టి అలా పడడం సరైనదే. బోర్డును నీడ గోడకు జరపండి.

విప్పి చూశాక తీర్పు సులువు. లెక్క సరిపోయి, స్క్రూలు మాత్రమే వదులైతే బిగించి వదిలేయవచ్చు. వైర్లు బాగుండి ఫ్యూజులు పాతవైతే బోర్డు ఒక్కటి మారిస్తే చాలు. చెక్క బోర్డు, పింగాణీ ఫ్యూజులు, అల్యూమినియం వైరు, ఏసీ, వీటిలో మూడో నాలుగో కలిసి ఉన్న ఇంట్లో బోర్డు ఒక్కటే మార్చడం డబ్బు దండగ. అక్కడ మెయిన్ వైరు, బరువు సామాన్ల లైన్లు కూడా కొత్తగా లాగాల్సిందే.

పని రోజు కరెంటు తీసేది లైన్‌మన్. స్తంభం ఎక్కి ఫ్యూజు పీకే సాహసం ఎవరూ చేయవద్దు. మీటరుకు వేసిన సీలు మనం తెంపకూడదు. కరెంటు పోయిందని టెస్టరుతో ప్రతి కొస చూశాకే చేయి పెట్టాలి. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో దాన్నీ ఆపాలి, లేకపోతే మెయిన్ తీసినా కొన్ని వైర్లలో కరెంటు ఉంటుంది. పాత వైరు ఒక్కొక్కటీ ఏ అర్రకు పోతుందో చీటీ అంటించాక విప్పాలి. కొత్త ఇనుప డబ్బాలో వరుస ఇది: మీటరు నుంచి వచ్చిన ఫేజు, న్యూట్రల్ రెండూ తెంపే మెయిన్, దాని తర్వాత 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, ఆ తర్వాత ఒక్కో లైనుకు ఒక్కో ఎంసీబీ. ఫేజుకు ఎరుపు, న్యూట్రల్‌కు నలుపు, ఎర్త్‌కు ఆకుపచ్చ వైరు.

ఆర్‌సీసీబీ దగ్గర మొండిగా ఉండండి. మనిషి ఒంట్లోంచి కరెంటు భూమిలోకి పోతుంటే క్షణంలో ఆపేది అదొక్కటే, ఎంసీబీకి ఆ పని చేతకాదు. పాత ఇళ్లలో ఇన్వర్టరు లైన్ల న్యూట్రల్, మామూలు లైన్ల న్యూట్రల్ ఎక్కడో ఒక స్విచ్‌బోర్డులో కలిసిపోయి ఉంటాయి. అందుకే ఆర్‌సీసీబీ పెట్టగానే పదేపదే పడుతుంది. అప్పుడు కొందరు ఎలక్ట్రీషియన్లు "ఇది మీ ఇంటికి సరిపడదు సార్" అని దాన్ని పక్కకు తప్పించి వైరు కలిపేస్తారు. ఒప్పుకోవద్దు. కలిసిన న్యూట్రల్ ఎక్కడుందో వెతికించండి, దానికి పూట కూలీ అదనమైనా ఇవ్వండి.

ఎర్త్ సంగతి కూడా అదే రోజు తేల్చాలి. ఒకప్పుడు నల్లా ఇనుప పైపుకే ఎర్త్ తీగ చుట్టేవాళ్లు. తర్వాత ఆ పైపు తీసి పీవీసీ వేశారు, తీగ మాత్రం అట్లనే వేలాడుతూ ఉంది. ఆదిలాబాద్ నల్లరేగడి వేసవిలో నెర్రెలిచ్చి ఎర్త్ పైపును వదిలేస్తుంది. కరీంనగర్ రాతి నేలలో లోతుకు తవ్వడమే కష్టం. బొగ్గు, ఉప్పు వేసి గుంత సరిగ్గా పెట్టించి, ఎండాకాలం వారానికోసారి బకెట్ నీళ్లు పోయండి. అంతా బిగించాక ఎర్త్ టెస్టరుతో, వైరు ఇన్సులేషన్ చూసే మెగ్గరుతో పరీక్షించి చెప్పమనండి. మోటరు, గీజరు, ఇస్త్రీ పెట్టె కలిపి అరగంట నడిపించి, టాంగ్ టెస్టరుతో మెయిన్ మీద ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో చూపించమనండి. డబ్బా తలుపు లోపల ఏ ఎంసీబీ ఏ అర్రదో తెలుగులో రాయించుకోండి, ఇంట్లో ముసలివాళ్లకు అవసరం పడుతుంది.

ఆర్‌సీసీబీ మీద ఉన్న టెస్ట్ మీట నెలకోసారి నొక్కండి, పడిపోవాలి. పడకపోతే అది పాడైనట్టే, మార్చండి. ఈ పనంతా ఫిబ్రవరిలోనే పెట్టుకోండి. ఏప్రిల్ వచ్చిందంటే ఎలక్ట్రీషియన్లు ఏసీల పనిలో ఉంటారు, దొరకరు. మీటరుకు అవతలి వైరు వేడెక్కినా, నిప్పురవ్వలు కనిపించినా అది మీ మనిషి ముట్టుకునేది కాదు, 1912కు ఫోన్ చేయండి.