స్ప్రేయరు విప్పితే గ్యారంటీ పోయినట్టేనా?

చిన్న రైతులు కూడా ఇప్పుడు బ్యాటరీ స్ప్రేయర్లే కొంటున్నారు. కొన్నాళ్లకు ఛార్జింగు చాలడం లేదని పెద్ద బ్యాటరీ వేయిస్తారు. ధార తక్కువని రెండో మోటారు పెట్టిస్తారు. తీరా పైరు మీద పురుగు పడ్డప్పుడు అది మొరాయిస్తే డీలరు 'డబ్బా విప్పారు, గ్యారంటీ చెల్లదు' అంటాడు. ఈ మాటలో నిజమెంతో రైతు సోదరులు తెలుసుకోవాలి.

ఏ నష్టం ఎవరిది?

గ్యారంటీ కంపెనీ ఇచ్చే మాట. దానికి షరతులుంటాయి. సీలు తీసినా, బయట రిపేరు చేయించినా చెల్లదని చాలా కార్డుల మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొనేముందే చదివించుకోవాలి.

12 వోల్టుల మోటారుకు అంతకు మించిన వోల్టుల బ్యాటరీ తగిలిస్తే మోటారు కాలిపోవచ్చు. సీసం బ్యాటరీ తీసి లిథియంది వేసి, పాత ఛార్జరే వాడితే బ్యాటరీ దెబ్బతింటుంది, అంటుకున్నా అంటుకోవచ్చు. రెండో మోటారు పెడితే కరెంటు ఎక్కువ లాగి పాత వైర్లు, స్విచ్చు వేడెక్కుతాయి. ఈ నష్టాలు కంపెనీ నెత్తిన వేయలేం.

కానీ ట్యాంకు అతుకు దగ్గర పగిలిందనుకోండి. దానికీ బ్యాటరీ మార్చడానికీ సంబంధమేమిటి? అలాంటప్పుడు ఊరుకుని వెనక్కి రాకూడదు. 'మార్పు వల్లే పాడయిందని కాగితం మీద రాసివ్వండి' అని అడగాలి.

చట్టం ఏమంటోంది?

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై నుంచి అమల్లో ఉంది. వస్తువులో లోపముంటే బాగుచేయమని, మార్చి ఇవ్వమని, డబ్బు వాపసు ఇవ్వమని కోరవచ్చు. లోపం ఉందో లేదో తేల్చడానికి కమిషన్ వస్తువును పరీక్షకు పంపించగలదు. బతుకుతెరువుకు తానే వాడుకునే పనిముట్టు కొన్నవారూ వినియోగదారులే. నాసిరకం విత్తనాలపై ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన కేసులో, రైతులు వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చని 2012లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఒక్క మాట మరువరాదు. వస్తువు వల్ల మనిషికి గాయమైతే నష్టపరిహారం అడగవచ్చు. కానీ అప్పటికే దాన్ని మార్చి ఉంటే అమ్మినవాడి మీద ఆ దావా నిలవదని ఇదే చట్టంలోని 87వ సెక్షన్ చెబుతోంది. వీపున మోసే యంత్రం కాబట్టి జాగ్రత్త అవసరం.

రైతులు చేయాల్సినవి

• బిల్లు, డీలరు ముద్ర వేసిన గ్యారంటీ కార్డు తప్పక తీసుకోవాలి.
• గడువులో ఉండగా కంపెనీ సర్వీసు కేంద్రంలోనే విప్పించాలి.
• బయట మార్పు చేయించక తప్పకపోతే మెకానిక్కు దగ్గర రసీదు తీసుకోవాలి. తీసిన పాత సామాను పారేయరాదు.
• పాడైతే మళ్లీ విప్పకుండా ఫొటోలు తీసి, డీలరుకూ కంపెనీకీ రాతపూర్వకంగా తెలపాలి.
• పని జరగకపోతే 1915 నంబరుకు ఫోను చేయాలి. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయాలి. వస్తువు ఖరీదు రూ.5 లక్షల లోపుంటే ఫీజు లేదు. వకీలు లేకున్నా మీ జిల్లాలోనే వేసుకోవచ్చు. గడువు రెండేళ్లు.

గ్యారంటీ తీరేదాకా ఆగి మార్పులు చేయించుకుంటే ఈ తిరుగుడే ఉండదు.